అయస్కాంతానికి అంటిన నలుపు

అయస్కాంతం చూపిస్తే సగం పొడే కదిలింది.

కృష్ణకుమారి గాజు బీకరును కిటికీ వెలుగులోకి జరిపి మళ్ళీ చూసింది. బయటి నుంచి అయస్కాంతం ఆనించిన చోటికి నల్లటి రేణువులు కొన్ని బారులు తీరి వచ్చి గాజుకు అతుక్కున్నాయి. మిగతావి తమకేమీ పట్టనట్టు నీళ్ళలో తేలుతూనే ఉన్నాయి. నీళ్ళు బొగ్గుల గిన్నె కడిగిన నీళ్ళలాగే ఉన్నాయి.

"నిన్న గూడ అందరి ముంగట గిట్లనే అయింది మేడమ్," అంది జోస్నా. ఏడుపంతా నిన్ననే అయిపోయినట్టుంది, గొంతు పొడిగా ఉంది.

"అసలైతే ఎట్ల కావాలె?"

"పొడి మొత్తం గోడకు రావాలె. అయస్కాంతం అట్లనే పట్టుకొని వంపితె తేట నీళ్ళు పడాలె."

ఎల్.బి.నగర్‌లోని ఆ ఇంజనీరింగ్ కాలేజీ రెండో అంతస్తులో, జోస్నా మూడేళ్ళుగా పరిశోధన చేస్తున్న ల్యాబు అది. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మె వల్ల క్లాసులు లేవు, బస్సులు లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పైన డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్న కృష్ణకుమారి, షేర్ ఆటోలో ముగ్గురి సీట్లో ఐదో మనిషిగా ఇరుక్కుని వచ్చింది. కరెంటు పోయి చాలాసేపయింది. సమ్మెతో బొగ్గు గనుల్లో పని ఆగితే ఇక్కడ ఫ్యాన్లు ఆగుతాయి. తల మీద ఫ్యాను రెక్కలు కదలకుండా వేలాడుతున్నాయి. గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకసారి దానివంక ఆశగా చూసి కూర్చుంటున్నారు.

కేసు సంగతి జోస్నా ఫోన్లోనే చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్ ఐస్‌క్రీమ్ షాపుల వెనక పారేసే సీతాఫలం తొక్కల్ని ఆమె బస్తాలకొద్దీ తెచ్చుకునేది. ఎండబెట్టి, ఇనుప లవణం కలిపిన నీళ్ళలో నానబెట్టి, గాలి తగలకుండా కొలిమిలో కాల్చేది. ఒంటినిండా కంటికి కనపడనంత సన్నటి చిల్లులున్న బొగ్గు తయారయ్యేది. ఆ బొగ్గులోనే ఇనుము ఇమిడిపోయి ఉండేది. సీసం, క్రోమియం లాంటి లోహాలు కరిగిన నీళ్ళలో చెంచాడు వేస్తే, చిల్లుల్లోకి ఆ విషాన్ని లాగేసుకునేది. ఆ తర్వాత వడపోత కూడా అక్కర్లేదు. ఒక్క అయస్కాంతం చాలు.

జోస్నాది నల్గొండ జిల్లాలో మూసీ పారే ఊరు. బోరు నీళ్ళతో వండితే అన్నం రంగు మారే ఊరు. పీహెచ్‌డీకి ఆమె ఈ పనే ఎంచుకోవడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

సోమవారం పొద్దున ముగ్గురు నిపుణులు చూడడానికి వచ్చారు. పొడి పని చేయలేదు. చూపించినదంతా మోసమేనని వాళ్ళు రాసి వెళ్ళారు. జోస్నా గైడ్ ఊళ్ళో లేడు. మంగళవారం సాయంత్రంలోగా సరైన జవాబు ఇవ్వకపోతే ఆమె రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని, పేరు అన్ని యూనివర్సిటీలకూ పంపుతామని ప్రిన్సిపాల్ చెప్పాడు. ఆ మంగళవారం మధ్యాహ్నమే ఇది.

కృష్ణకుమారి బ్యాగులోంచి స్టీలు డబ్బా తీసి మూత విప్పింది. "మలీద లడ్డూలు. రేపు సద్దుల బతుకమ్మ గద, పొద్దుగాలనే చేసిన. తిను బిడ్డా. ఆకలి మీద ఆలోచన రాదు."

"పరిశోధనలోకి ప్రసాదాలు కూడా వచ్చాయన్నమాట," అన్నారెవరో గుమ్మం దగ్గర.

చూడకుండానే ఆమెకు తెలిసింది. భానుమూర్తి. పోలీసు ఇన్‌స్పెక్టరుగా రిటైరై సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టిన మనిషి. ఉద్యోగం కోసం ఏలూరు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. నిన్ననే కాలేజీ యాజమాన్యం విచారణకు ఆయన్ని పెట్టుకుంది. నిరుడు ఒక బంగారం దుకాణం కేసులో ఇద్దరూ చెరో దారిన వెళ్ళి ఒకే దొంగ దగ్గర తేలారు. పేపర్లో మాత్రం ఆయన ఫోటో ఒక్కటే పడింది.

"మీకూ ఉన్నయి, తీసుకోండి," అని డబ్బా ఆయన వైపు జరిపింది కృష్ణకుమారి.

ఆయన తీసుకున్నాడు. తింటూనే తన అభిప్రాయం చెప్పాడు. బీరువా తాళం పగలలేదు. కిటికీలకు ఊచలున్నాయి. అసలు పొడి అనేది ఎన్నడూ లేదు. బొగ్గునలుపు చూపించి మూడేళ్ళు స్కాలర్‌షిప్ తీసుకున్న అమ్మాయి, నిపుణులు వచ్చేసరికి దొరికిపోయింది. సాయంత్రం రిపోర్టు ఇచ్చేస్తాడు. మేడమ్ గారు అనవసరంగా ఎండలో శ్రమపడ్డారు.

కృష్ణకుమారి జోస్నాని అడిగి ఒక తెల్లకాగితం తీసుకుంది. సీసాలోని పొడి చిటికెడు దాని మీద చల్లి, ముగ్గుపిండి జల్లెడ పట్టినట్టు కాగితాన్ని మెల్లగా తట్టింది. మట్టిరంగు నలుపు మధ్య అక్కడక్కడా ఏదో తళుక్కుమంది.

"గిది లేత్ మిషన్ కింద రాలె ఇనుప రజను. మిగిలింది ఉత్త కట్టె బొగ్గు. రెండూ నూరి కలిపిండ్రు. అందుకే అయస్కాంతానికి రజను ఒచ్చింది, బొగ్గు రాలే."

"కలిపింది ఈ అమ్మాయేనని నేనూ అంటున్నాను," అన్నాడు భానుమూర్తి చేతులు దులుపుకుంటూ.

"పనిచెయ్యదని తెలిసిన పొడి ముగ్గురు పెద్దమనుషుల ముంగట పెట్టుకొని, తన ఉరి తనే బిగించుకుంటదా?"

"నేరస్థుల తెలివి గురించి పాతికేళ్ళ సర్వీసులో నాకున్న భ్రమలన్నీ పోయాయండి."

ఆమె నవ్వి బీరువా దగ్గరకు వెళ్ళింది. స్టీలు బీరువా, లోపల నాలుగు అరలు. మూడింటిలో సన్నటి దుమ్ము ఉంది. పొడి సీసా ఉండే పై అర మాత్రం అద్దంలా ఉంది. ఇల్లు తుడిచే చేతికి ఇది కనపడకుండా పోదు. ఒక్క అరే ఎందుకు తుడుస్తారు?

జోస్నా తను తుడవలేదంది. ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్నం వచ్చి, ఒకసారి పరీక్ష చేసి చూసుకుందట. పొడి మొత్తం గోడకు వచ్చిందట. సీసా లోపల పెట్టి, తాళం వేసి, ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోయిందట. సోమవారం నిపుణుల ముందే మళ్ళీ తెరిచింది.

కృష్ణకుమారి తలుపు రెక్కను మూసింది, తెరిచింది. మూసినప్పుడు టక్కుమని పట్టుకుంటోంది. రెక్క అంచులో, పై అరకు సరిగ్గా పక్కన, చిన్న అయస్కాంతం బిళ్ళ ఉంది. ఆమె దాని మీద వేలు పెట్టింది. మెత్తగా తగిలింది. బిళ్ళ చుట్టూ నల్లటి నూగు, పిల్లిపిల్ల వీపు మీది బొచ్చులా లేచి నిలబడి ఉంది.

చీర కొంగు చివరతో కొంచెం గీరి కాగితం మీద రాల్చింది. ఒక్క తళుకు లేదు. జోస్నా అయస్కాంతం దగ్గరికి తేగానే ఆ నలుపంతా ఒక్క ఉదుటున ఎగిరి వచ్చి అతుక్కుంది. కాగితం మీద మరక కూడా మిగలలేదు.

"ఇది నాది," అంది జోస్నా. ఆ రెండు మాటలు అనడానికి ఆమె రెండు రోజులు ఆగినట్టుంది.

"అంటే అసలు పొడి ఉన్నది," అంది కృష్ణకుమారి. "ఇక్కడనే, ఈ అర మీదనే, ఒకరు దాన్ని ఇంకోదాంట్ల ఒంపుకున్నరు. తొందరల ఒలికింది. తడి బట్టతోని అర తుడిచిండ్రు. బిళ్ళ మీదికి ఎగిరింది చూడలే. చీకట్ల చేసిన పని."

భానుమూర్తి వంగి బిళ్ళను చూశాడు. చాలాసేపు చూశాడు. అది ఎప్పటిదో కావచ్చన్నాడు కానీ, ఆ మాటలో ఇందాకటి బలం లేదు.

వాచ్‌మన్ కొమరయ్యను పిలిపించారు. అతను ముందు లడ్డూ కళ్ళకద్దుకున్నాడు, తర్వాత జవాబులు చెప్పాడు. ఆదివారం సెలవు. జోస్నా మేడం పోయినాక ముందు గేటుకు తనే గొలుసు వేశాడు. పొద్దుగూకే వేళ కరెంటు పోయింది. గేటు దగ్గరే మంచం వేసుకుని పడుకున్నాడు. ఎవరూ రాలేదు. కావాలంటే ఏ దేవుడి మీదైనా ప్రమాణం చేస్తాడు.

"వెనక గేటు?"

"దాని చెవి నా కాడ ఉండదమ్మా. ఆఫీసుల ఉంటది. మహిపాల్ సార్ కాడ."

బీరువా రెండో తాళంచెవి కూడా ఆఫీసులోనే ఉంటుందని జోస్నా గుర్తు చేసింది. ఆ సంగతి తనకు తెలుసన్నాడు భానుమూర్తి. మహిపాల్ కాలేజీ ఆఫీసు మేనేజరు. ఆదివారం సాయంత్రం అతను ఎక్కడున్నాడో విచారించడం కూడా అయిపోయిందట. నాగోల్‌లో తమ కాలనీలో బతుకమ్మ ఆట దగ్గర ఉన్నాడు. ఫోనులో ఫోటో తన కళ్ళతో చూశాడు.

"ఫోటో మీద తేదీ?"

"కొత్త ఫోనండి. ఇంకా తేదీ సరిచేసుకోలేదట."

కబురు పంపిన కాసేపటికి మహిపాల్ వచ్చాడు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో సమ్మె శిబిరం నుంచి నేరుగా వస్తున్నానని, మైకు పట్టీ పట్టీ గొంతు పోయిందని చెప్పి కుర్చీ లాక్కున్నాడు. మెడలో జై తెలంగాణ కండువా, నడుముకు నిగనిగలాడే సెల్‌ఫోన్ పౌచ్. మనిషి ఉల్లాసంగానే ఉన్నాడు. నిరసనగా రోడ్డు మీదే వండుకుతినే వంటావార్పుకు రోజూ వచ్చే నీళ్ళ క్యాన్లు తనే పంపిస్తున్నాడట. నాగోల్‌లో బామ్మర్దికి మినరల్ వాటర్ ప్లాంటు ఉందట. ఎండలో కూర్చున్నవాళ్ళకు ఆ మాత్రం చేయకపోతే ఎట్లా అన్నాడు.

కృష్ణకుమారి మెచ్చుకుంది. ఊరేదని అడిగింది. సూర్యాపేట పక్కనే అని తెలిసి, అయితే మనమంతా ఒక దిక్కు వాళ్ళమేనంది. పౌచ్ బాగుందంది. శనివారమే కొన్నాడట, ఫోనూ అదీ కలిపి, దసరాకి.

"ఈ ల్యాబుకు వస్తుంటరా?"

"ఆర్నెల్లాయె మేడమ్, గీ మసి గదిల అడుగు పెట్టక. నిన్న గూడ గుమ్మంల నిలబడి చూసిన. పాపం, పిల్ల పరేషానయింది."

"ఆదివారం పొద్దుగూకినప్పుడు ఎక్కడున్నరు?"

"సార్‌కు చెప్పిన గద. మా కాలనీల బతుకమ్మ ఆడుతుంటె ఆడనే ఉన్న. బతుకమ్మంటె మన ఆత్మ మేడమ్. రోజూ మైకుల గదే చెప్తున్న."

"మీ ఇంట్ల బతుకమ్మ ఎవరు పేర్చిండ్రు?"

"మా ఆమె."

"ఆదివారం ఏం పూలు పెట్టింది?"

మహిపాల్ ఉత్సాహంగా చెప్పాడు. తంగేడు, గునుగు, బంతి, పైన గుమ్మడి పువ్వు. కాలనీలో అందరికంటే ఎత్తు తమదేనట. ఆడవాళ్ళంతా చుట్టూ తిరుగుతుంటే ఒళ్ళు పులకరించిందట.

కృష్ణకుమారి డబ్బా మూత పెట్టి, నొక్కి, బ్యాగులో పెట్టుకుంది.

"ఈసారి అమావాస్య మంగళవారం ఒచ్చింది," అంది తాపీగా. "ఎంగిలిపూల బతుకమ్మ ఆనాడే. అక్కడ్నించి లెక్కపెట్టుకోండి. ఆదివారం ఆరో రోజు. ఆరోనాడు మన దిక్కు బతుకమ్మ అలుగుతది మహిపాల్ గారూ. పూలు ముట్టం. పేర్చం, ఆడం. నైవేద్యం గూడ పెట్టం. నేనూ ఆనాడు ఇంట్లనే కూసున్న. మీ ఒక్క కాలనీల ఎవరాడిండ్రు?"

కొమరయ్య గుమ్మం దగ్గర నోటికి తుండు అడ్డం పెట్టుకున్నాడు. భానుమూర్తి ఒకసారి ఆమెనూ, ఒకసారి మహిపాల్‌నూ చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా వీధిలో బతుకమ్మలు చూస్తున్నాడు గానీ, మధ్యలో ఒక రోజు ఖాళీగా ఉంటుందని ఆయన ఎన్నడూ గమనించలేదు.

మహిపాల్ శనివారమేమో అన్నాడు. కాదు, ఆదివారమే, కొందరు ఆడతారన్నాడు.

"ఆడుతరేమో. మీ ఆమెకు ఫోన్ జేసి అడుగుదాం. ఆమెకు తెల్వకుండ ఉండదు గద."

మహిపాల్ చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. టక్కుమని పౌచ్ మూత లేచింది. ఫోను బయటికి వచ్చింది గానీ కృష్ణకుమారి దాన్ని చూడలేదు. మూత లోపలివైపు గుండీని చూసింది. పౌచ్ మూసుకోవడానికి పెట్టే అయస్కాంతం గుండీ. కొత్త పౌచ్, కొత్త గుండీ, దాని చుట్టూ పిల్లిపిల్ల బొచ్చు లాంటి నల్లటి నూగు.

"అది అట్లనే పట్టుకోండి," అంది. తర్వాత భానుమూర్తి వైపు తిరిగింది. "మీ నడుముకు గూడ పౌచ్ ఉన్నది. తెరిచి చూపిస్తరా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "నన్ను అనుమానిస్తున్నారా?"

"మిమ్మల్ని సాక్షిగ అడుగుతున్న. నిన్నట్నుంచి ఈ గదిల తిరిగేది మీరే."

ఆయన మూత తెరిచాడు. పాత పౌచ్, అంచులు అరిగిపోయాయి. గుండీ మాత్రం తళతళలాడుతోంది. రెండు రోజులు ల్యాబులో తిరిగిన మనిషికి అంటని పొడి, గుమ్మంలో నిలబడి చూసినవాడికి ఎలా అంటుతుంది? భానుమూర్తే మహిపాల్ చేతిలోంచి పౌచ్ తీసుకుని, తెల్లకాగితం మీద బోర్లించి, గుండీని గోటితో గీరాడు. ఒక్క తళుకు లేదు. జోస్నా అయస్కాంతం దగ్గరికి తెచ్చింది. నలుపంతా ఎగిరి వచ్చింది.

"చీకట్లో వెలుగు కోసం ఫోను బయటికి తీశావు," అన్నాడు భానుమూర్తి. ఆ గొంతులో పాత ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. "పౌచ్ మూత తెరిచే ఉంది. పొడి ఒంపుతుంటే దాని మీదికి లేచింది. ఇక మొదలుపెట్టు."

మహిపాల్ మొదలుపెట్టాడు. బామ్మర్ది ప్లాంటు నష్టాల్లో ఉంది. వీధికొక ప్లాంటు వచ్చాక క్యాను కొనే దిక్కు లేదు. విషలోహాలు తీసేసిన నీళ్ళు అని బోర్డు పెడితే బేరం ఎత్తుకుంటుందనుకున్నాడు. ఉత్త సీసా పెడితే దొంగతనమని గోల అవుతుంది. నకిలీ పొడి పెడితే పిల్ల ప్రయోగమే తప్పని అందరూ మర్చిపోతారు. లేత్ షాపులో రజను, ఇస్త్రీ బండి దగ్గర బొగ్గు దొరికాయి. జర తప్పయిందన్నాడు. కాళ్ళు పట్టుకుంటానన్నాడు.

"నాకెందుకు," అంది కృష్ణకుమారి. "ముందు ఆ పిల్ల దిక్కు చూసి చెప్పు."

అతను చూడలేకపోయాడు. భానుమూర్తి జేబులోంచి మడతపెట్టిన రిపోర్టు తీసి, నాలుగు ముక్కలు చేసి, చెత్తబుట్టలో వేశాడు. ప్రిన్సిపాల్‌తో తనే మాట్లాడతానని, నిపుణుల్ని మళ్ళీ రప్పించే బాధ్యత తనదని జోస్నాతో చెప్పాడు. ఆ తర్వాత కొంచెం ఇబ్బందిగా, ఇంకో లడ్డూ ఉందా మేడమ్ అని అడిగాడు. కృష్ణకుమారి డబ్బా మళ్ళీ తీసింది. జోస్నా కూడా ఒకటి తీసుకుని, పొద్దున్నించీ మొదటిసారి ఆకలిగా కొరికింది. ఇంత ఉక్కలోనూ గదిలో కాస్త గాలి ఆడినట్టయింది.

"నా పొడి ఏడున్నది సార్?" అంది మహిపాల్‌తో, నమిలి మింగాక.

"ప్లాంటులనే ఉన్నదమ్మా. ఖరాబు చెయ్యలే. రెండు సీసలూ ఒక్క చిటికెడు పారబోయలే."

జోస్నా చెయ్యి ఆగింది. "రెండు సీసలా?"

ఆమె బీరువా దగ్గరికి పరిగెత్తింది. కింది అరలో డబ్బాల్ని పక్కకు తోసింది. వెనకాల ఎర్రమూత సీసా ఉండాల్సిన చోట దుమ్ములో గుండ్రటి జాడ ఒక్కటే ఉంది.

"అది కొత్త పొడి కాదు మేడమ్," అంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "వాడేసింది. ఇనుప సామాన్లకు క్రోమియం పూతలు వేసే షాపుల మురికినీళ్ళల్ల మూడేండ్ల సంది ముంచి తీసింది. అది తాగిన సీసం, క్రోమియం అంత దాంట్లనే ఉన్నది. చిల్లులల్ల గట్టిగ పట్టుకుంటది, ఉత్త నీళ్ళల్ల విడిచిపెట్టదు. యాసిడ్ తగిలితెనే మొత్తం కక్కుతది."

మహిపాల్ ముఖంలో రంగు మారడం కృష్ణకుమారి చూసింది.

"యాసిడ్ పోసినవా?" అంది.

అతను తల వంచుకునే చెప్పాడు. పోయిన ఏడు సెమినార్‌లో జోస్నా మాట్లాడుతుంటే వెనక నిలబడి విన్నాడు. పల్చటి యాసిడ్‌తో కడిగితే పొడి మళ్ళీ కొత్తదవుతుందని ఆమె చెప్పింది.

"కడిగిన నీళ్ళు పారబోయాలని గూడ చెప్పిన," అంది జోస్నా.

అంతవరకూ అతను వినలేదు. టీ వచ్చిందని బయటికి వెళ్ళాడు. పొద్దున ప్లాంటు ట్యాంకులో రెండు సీసాలూ ఒంపించాడు, యాసిడ్ పోయించాడు. అంతా అయ్యాక మోటారు వేద్దామంటే కరెంటు పోయింది.

"ఏం చెప్పి ఒచ్చినవు?"

"కరెంటు రాంగనే మోటరు వేసి, క్యాన్లు నింపి, వంటావార్పుకు పంపుమని."

చౌరస్తాలో పొద్దున్నించీ ఎండలో కూర్చున్నవాళ్ళు ఆమె కళ్ళ ముందు కదిలారు. షేర్ ఆటోలోంచి చూసింది వాళ్ళని. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు, బియ్యం కడుగుతున్నవాళ్ళు. మహిపాల్ అప్పటికే బామ్మర్దికి ఫోన్ చేస్తున్నాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. స్విచ్చాఫ్. పొద్దున్నే చార్జింగ్ అయిపోయిందని వాడు మొత్తుకున్నాడట.

"నాగోల్‌ల కరెంటు ఎప్పుడొస్తది?"

"ఈడ ఒచ్చినప్పుడే ఆడ ఒస్తది మేడమ్. రోజూ గంతే."

భానుమూర్తి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ప్యాంటు జేబు తడుముకుని తాళంచెవి తీశాడు. "స్కూటర్ కిందే ఉంది. నాగోల్‌కు అడ్డదారి నాకు తెలుసు. వెనక కూర్చుంటారా మేడమ్? కొమరయ్యా, నువ్వు ఈయన్ని కదలనీయకు. అమ్మాయ్, నువ్వు చౌరస్తాకు పరిగెత్తు. క్యాన్లు వస్తే ఒక్కళ్ళనీ ముట్టనీయకు."

కృష్ణకుమారి కొంగు నడుముకు దోపుకుంది. గుమ్మం దాకా వచ్చింది.

వెనకాల కాగితం రెపరెపలాడింది. బీకరులో నల్లటి నీళ్ళ మీద సన్నటి అల కదిలింది. చల్లటి గాలి మెడకు తగిలి ఆమె ఆగింది, తల ఎత్తి చూసింది.

పొద్దున్నించీ అందరూ ఎదురుచూసిన ఫ్యాను తిరుగుతోంది.